అరెస్టు చిట్టా: ఎక్కడ దొరుకుతుంది, ఎవరికి దక్కాలి

అరెస్టు అనేది ప్రభుత్వం ఒక మనిషి స్వేచ్ఛను బలవంతంగా ఆపే చర్య. అందుకే అది గుట్టుగా జరగడానికి వీల్లేదని భారత చట్టం కోరుతోంది. అరెస్టయినవారి పేరు, చిరునామా, వారిపై మోపిన నేరం ఎలాంటిదన్న వివరాలను ప్రతి పోలీసు స్టేషనులోనూ, జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనిపించేలా ఉంచాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 37వ సెక్షన్ చెబుతోంది. ఈ చట్టం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. డిజిటల్ రూపంలో ప్రదర్శించడానికీ ఆ సెక్షనే చోటిచ్చింది.

ఈ ఒక్క నిబంధన చుట్టూ రెండు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. పుల్లలచెరువు వంటి మండల కేంద్రంలోనో, ఒంగోలు వంటి నగరంలోనో ఒకరు అరెస్టయ్యారా లేదా అన్నది ఎక్కడ తెలుస్తుంది? ఇది మొదటిది. అలా తెలుసుకునే హక్కు ఎవరికి, ఎంతకాలం ఉండాలి? ఇది రెండోది. మొదటి ప్రశ్నకు చట్టంలో చాలావరకు జవాబుంది. రెండోదానిపై పౌరహక్కుల వారు, పాత్రికేయులు, పోలీసులు, గోప్యతను కోరేవారు నాలుగు దిక్కుల నుంచి వాదిస్తున్నారు. అరెస్టయిన మనిషి క్షేమం కోసం పుట్టిన చిట్టాను, ఇరుగుపొరుగు గుణగణాలు తేల్చే చిట్టాగా కూడా వాడాలనుకోవడంతోనే ఈ చర్చ చిక్కుపడింది.

చిట్టా ఎలా పుట్టింది

స్టేషనులో అరెస్టుల లెక్క రాయడం పాత అలవాటే. స్టేషను జనరల్ డైరీలో అరెస్టయిన ప్రతి ఒక్కరి పేరూ నమోదు చేయాలని 1861 పోలీసు చట్టం 44వ సెక్షన్ ఆదేశించింది. మద్రాసు ప్రెసిడెన్సీకి అంతకు రెండేళ్ల ముందే, 1859లో, వేరే పోలీసు చట్టం వచ్చింది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు అప్పట్లో ప్రెసిడెన్సీలోని కర్నూలు జిల్లా కిందికి వచ్చేవి. అయితే ఆ డైరీలు పై అధికారుల కోసం రాసినవి. జనం చూడాలన్న ఆలోచన వాటి వెనుక లేదు.

జనం పేర్లు రాసిపెట్టుకోవడంలో వలస పాలన మరో దారి కూడా తొక్కింది. 1871 నేరస్త తెగల చట్టం 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. నేరం చేసినా చేయకపోయినా, పుట్టుకను బట్టే కొన్ని కులాల వారి పేర్లు రిజిస్టర్లకెక్కాయి. స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లు ఆ విధానం నుంచే వచ్చాయి. 1952లో ఆ చట్టం రద్దయింది. పోలీసు రికార్డులో పేరుండటం తెలుగు నేల మీద కొన్ని వర్గాలకు తరతరాల గాయమన్న సంగతి నేటి చర్చలో తరచూ మరుగున పడుతోంది.

అరెస్టు సంగతి బయటికి చెప్పి తీరాలన్న డిమాండు రాజ్యాంగంతో బలపడింది. అరెస్టుకు కారణాలు చెప్పాలని, ఇష్టమైన న్యాయవాదిని సంప్రదించే హక్కు ఉండాలని, ఇరవై నాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని 22వ అధికరణం చెప్పింది. ఆచరణలో మాత్రం అదుపులోకి తీసుకున్న రోజుకూ, అరెస్టు చూపించిన రోజుకూ మధ్య ఎడం ఏర్పడుతూ వచ్చింది. లాకప్‌లో దెబ్బలు, బలవంతపు వాంగ్మూలాలు, మనిషి ఆచూకీ లేకుండా పోవడం వంటివి జరిగేది ఆ ఎడంలోనే. ఆంధ్రప్రదేశ్‌లో 1970ల నుంచి కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ వంటివారు పౌరహక్కుల సంఘం ద్వారా పోరాడింది ఈ ఎడం గురించే. నక్సలైటు ఉద్యమం, పోలీసు గాలింపులు ముమ్మరంగా సాగిన నల్లమల అంచు పల్లెలకు ఇది పుస్తకాల్లోని చర్చ కాదు. తమవాణ్ని పట్టుకుపోయారని చెప్పే కుటుంబం ముందు హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ తప్ప మరో దారి ఉండేది కాదు.

కస్టడీ మరణాలపై పశ్చిమ బెంగాల్ న్యాయ సహాయ సంస్థకు చెందిన డి.కె. బసు 1986 ఆగస్టు 26న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక లేఖ రాశారు. దాన్నే పిటిషన్‌గా తీసుకున్న కోర్టు 1996 డిసెంబరు 18న పదకొండు మార్గదర్శకాలు ఇచ్చింది. చివరిది అరెస్టు చిట్టాకు మూలం. అరెస్టు జరిగిన పన్నెండు గంటల్లోగా జిల్లా, రాష్ట్ర కంట్రోల్ రూములకు సమాచారం చేరాలని, అక్కడి నోటీసు బోర్డు మీద అందరికీ కనబడేలా పెట్టాలని ఆ మార్గదర్శకం చెప్పింది. అంతకు రెండేళ్ల ముందు, 1994లో జోగిందర్ కుమార్ కేసులో, అరెస్టు సంగతిని బంధువుకో మిత్రుడికో తెలియజేయాలని అదే కోర్టు స్పష్టం చేసి ఉంది.

మార్గదర్శకాలు చట్టం కావడానికి పన్నెండేళ్లకు పైగా పట్టింది. 2009 ప్రారంభంలో ఆమోదం పొందిన సవరణ, 2010 నవంబరు 1న అమల్లోకి వచ్చి నేర విచారణ స్మృతిలో 41సి సెక్షన్‌ను చేర్చింది. జిల్లా కంట్రోల్ రూము బయట బోర్డు మీద అరెస్టయినవారి పేర్లు, చిరునామాలతో పాటు అరెస్టు చేసిన అధికారుల పేర్లు, హోదాలు కూడా రాయాలని అది చెప్పింది. రాష్ట్ర స్థాయిలో ప్రజల సమాచారం కోసమే ఒక డేటాబేస్ ఉండాలనీ చెప్పింది. బీఎన్‌ఎస్‌ఎస్ 37వ సెక్షన్ ఈ ఏర్పాటును స్టేషను స్థాయికి దించింది. ప్రతి స్టేషనులోనూ అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని అధికారి ఒకరు దీనికి బాధ్యుడు. ఇది పెద్ద ముందడుగు. కానీ ఇక్కడే ఒక నష్టం కూడా జరిగింది. అరెస్టు చేసిన అధికారి పేరు బోర్డు మీద ఉండాలన్న మాట కొత్త సెక్షన్‌లో లేదు. పట్టుబడినవాడి పేరు మిగిలింది, పట్టుకున్నవారి పేరు తప్పుకుంది. కస్టడీ హింసను అడ్డుకోవడానికి పుట్టిన నిబంధనలో ఇది చిన్న లోటు కాదు.

ఇప్పుడు ఎక్కడ వెతకాలి

మొదట చూడవలసినది స్టేషనే. 37వ సెక్షన్ ప్రకారం బోర్డునో డిజిటల్ ప్రదర్శననో చూపమని అడగవచ్చు. అరెస్టయిన వ్యక్తి బంధువైతే హక్కు ఇంకా బలమైనది. అరెస్టు సమయంలో మెమో తయారు చేయాలని, దానిపై కుటుంబ సభ్యుడో ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలని 36వ సెక్షన్ చెబుతోంది. బంధువుకో మిత్రుడికో, దాంతోపాటు జిల్లాలో దీనికోసం నియమించిన అధికారికీ సమాచారం ఇచ్చి, ఎవరికి చెప్పారో స్టేషను పుస్తకంలో రాయాలని 48వ సెక్షన్ ఆదేశిస్తోంది. అరెస్టుకు కారణాలను నిందితుడికి అర్థమయ్యే భాషలో, లిఖితపూర్వకంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరు 6న మిహిర్ రాజేశ్ షా కేసులో అన్ని నేరాలకూ వర్తించేలా తీర్పు చెప్పింది. ఇవ్వడం ఆలస్యమైనా, రిమాండుకు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందు ఆ కాగితం చేతికి అందాలి. కుటుంబం స్టేషనులో మొట్టమొదట అడగవలసింది అరెస్టు మెమో నకలూ, ఈ కారణాల కాగితమూ.

రెండోది ఎఫ్‌ఐఆర్. యూత్ బార్ అసోసియేషన్ కేసులో 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఎఫ్‌ఐఆర్‌లను ఇరవై నాలుగు గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలి. భౌగోళిక ఇబ్బందులున్న చోట డెబ్బై రెండు గంటల వరకు గడువుంది. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. మినహాయించే నిర్ణయం డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ పోలీసుల పౌర సేవల పోర్టల్‌లో జిల్లా, స్టేషను, నంబరు లేదా తేదీ ఆధారంగా ఎఫ్‌ఐఆర్ వెతకవచ్చు. అయితే ఎఫ్‌ఐఆర్ అరెస్టు పత్రం కాదు. అందులో పేరున్న వ్యక్తి అరెస్టు కాకుండా 35(3) నోటీసుతో, అంటే జనం ఇంకా 41ఏ నోటీసు అని పిలిచేదానితో, ఇంటికి వెళ్లి ఉండవచ్చు. 2014లో అర్నేశ్ కుమార్ తీర్పు తర్వాత ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో ఇలా జరగడానికే అవకాశం ఎక్కువ. మరోవైపు, ఎవరి పేరూ లేని ఎఫ్‌ఐఆర్‌లో తర్వాత అరెస్టులు జరగవచ్చు. ఎఫ్‌ఐఆర్‌లో పేరు చూసి అరెస్టయ్యాడనుకోవడం ఊళ్లలో తరచూ జరిగే పొరపాటు. దానివల్ల మనుషుల పరువు పోతుంది.

మూడోది దేశవ్యాప్త పోలీసు నెట్‌వర్కు సీసీటీఎన్‌ఎస్. 2009లో కేంద్రం ఆమోదించిన ఈ పథకం కింద రాష్ట్రాలు పౌరులకు ఇవ్వవలసిన సేవల్లో అరెస్టయినవారి, వెతుకుతున్న నేరస్థుల వివరాలు చూసే వీలు ఒకటి.

నాలుగోది కోర్టు. ఇదే అన్నిటికంటే నమ్మదగినది. మేజిస్ట్రేటు ముందు హాజరుపరచిన క్షణం నుంచి అరెస్టు న్యాయ ప్రక్రియలో భాగమవుతుంది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో స్టేషను పేరు, ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం ఇచ్చి వెతికే సదుపాయం ఉంది. అభియోగపత్రం దాఖలై కేసుకు నంబరు పడేదాకా ప్రధాన కేసు కనిపించకపోవచ్చు. బెయిలు పిటిషన్ వేసి ఉంటే దాని వివరాలు ముందే దొరికే అవకాశం ఉంది. కేసుతో సంబంధం లేనివారు రిమాండు రిపోర్టు వంటి పత్రాల నకళ్లు కోరితే కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. అభియోగపత్రాలను అందరికీ అందుబాటులో పెట్టాలన్న కోరికను సుప్రీంకోర్టు సౌరవ్ దాస్ కేసులో 2023 జనవరి 20న తోసిపుచ్చింది. సాక్ష్య చట్టం ప్రకారం అభియోగపత్రం బహిరంగ పత్రం కాదని చెప్పింది.

అయిదోది సమాచార హక్కు. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం మండల స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము 5 రూపాయలు, ఆపై స్థాయికి 10 రూపాయలు. మామూలుగా ముప్పై రోజుల్లో, ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన విషయమైతే నలభై ఎనిమిది గంటల్లో జవాబివ్వాలని 7(1) సెక్షన్ చెబుతోంది. స్టేషనులో ఉంచి అరెస్టు చూపించలేదన్న అనుమానం ఉన్నప్పుడు పనికొచ్చేది ఈ నలభై ఎనిమిది గంటల నిబంధనే. పోలీసులు తరచూ చూపే మినహాయింపు 8(1)(హెచ్), అంటే దర్యాప్తుకు ఆటంకం. దర్యాప్తు జరుగుతోందన్నంత మాత్రాన సమాచారం నిరాకరించకూడదని, ఎలా ఆటంకమో చూపాలని ఢిల్లీ హైకోర్టు భగత్ సింగ్ కేసులో 2007లోనే స్పష్టం చేసింది.

వ్యక్తి ఆచూకీ అత్యవసరంగా తెలియవలసి వస్తే ఈ క్రమం మొత్తం నడవనక్కర్లేదు. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోను చేయడం, అమరావతిలోని హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయడం దగ్గరి దారులు.

మండల కేంద్రం నుంచి జిల్లా కేంద్రానికి

చట్టం జిల్లా కేంద్రం అన్నప్పుడు పశ్చిమ ప్రకాశానికి దాని అర్థం వేరు. పుల్లలచెరువు నుంచి ఒంగోలుకు రోడ్డు దూరం వంద కిలోమీటర్లు దాటుతుంది. 2010 నుంచి 2024 దాకా చట్టప్రకారం అరెస్టు బోర్డు ఉండవలసిన చోటు జిల్లా కంట్రోల్ రూమే. కూలి పని మానుకుని, ఛార్జీలు పెట్టుకుని బోర్డు చూడటానికి ఒంగోలు వెళ్లే కుటుంబం ఉండదు. పేదవాడికి అందుబాటులో లేని నోటీసు బోర్డు కాగితం మీదే హక్కు. ఈ కోణంలో స్టేషనులోనే ప్రదర్శించాలన్న 37వ సెక్షన్, నగరాలకంటే పుల్లలచెరువు, త్రిపురాంతకం, దోర్నాల వంటి చోట్లకే ఎక్కువ మేలు చేయగలదు. మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పాటుకు రాష్ట్ర ప్రభుత్వం 2025 చివర్లో తీసుకున్న నిర్ణయం కూడా ఈ దూరాన్ని తగ్గించే దిశలోదే. జిల్లా మారినప్పుడు పాత కేసుల చిట్టాలు, కోర్టు పరిధులు, పోర్టల్‌లో జిల్లా పేర్లు ఒక్కసారిగా మారిపోవు. కాబట్టి వెతికేవారు పాత జిల్లా పేరు కిందా కొత్త పేరు కిందా రెండుచోట్లా చూడవలసి ఉంటుంది. 1970 ఫిబ్రవరి 2న కర్నూలు, గుంటూరు, నెల్లూరు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఈ ప్రాంతం ఇలాంటి మార్పులు ముందే చూసింది.

పరిధుల చిక్కు మరొకటి. పుల్లలచెరువు మండలం పల్నాడు సరిహద్దున ఉంది. అవతలి జిల్లా స్టేషను నుంచి వచ్చి మనిషిని తీసుకెళితే స్థానిక బోర్డు మీద పేరు ఉండదు. నల్లమల అడవి నాగార్జునసాగర్–శ్రీశైలం పెద్దపులుల అభయారణ్యంలో భాగం. అక్కడ 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీ అధికారులు అరెస్టులు చేస్తారు. మద్యం కేసుల్లో ఎక్సైజు సిబ్బంది పట్టుకుంటారు. గుంటూరు–గుంతకల్లు మార్గంలో మార్కాపురం రోడ్డు వంటి రైల్వే స్టేషన్లలో రైల్వే పోలీసుల పరిధి వేరు. 37వ సెక్షన్ మాట్లాడేది పోలీసు స్టేషన్ల గురించే. అడవిలో వెదురో తేనెనో తెచ్చుకునే చెంచు మనిషిని అటవీ సిబ్బంది పట్టుకుంటే, ఆ కుటుంబం ఏ బోర్డు చూడాలన్నదానికి చట్టంలో సూటి జవాబు లేదు. బోర్డు అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నవారే ఇలా నిబంధన వెలుపల మిగిలిపోతున్నారు.

ముందస్తు అరెస్టులదీ ఇదే స్థితి. ఎన్నికలప్పుడూ ఆందోళనలప్పుడూ 170వ సెక్షన్ కింద, అంటే పాత 151 కింద, స్టేషనుకు తీసుకెళ్లి ఇరవై నాలుగు గంటల్లోపు వదిలేస్తారు. గృహ నిర్బంధమైతే ఏ సెక్షన్ కిందా స్పష్టంగా లేదు. వీటిలో చాలావాటికి ఎఫ్‌ఐఆర్ ఉండదు, కోర్టు నంబరూ ఉండదు. 37వ సెక్షన్ ‘మోపిన నేర స్వభావం’ అంటుంది. నేరమే మోపని అరెస్టు దాని కిందికి వస్తుందా అన్నది ఆ మాటల్లో తేలదు. తహసీల్దారు ముందు బైండోవర్ చేసిన వారి పేర్లు రెవెన్యూ కార్యాలయంలో ఉంటాయి తప్ప పోలీసు పోర్టల్‌లో వెతికితే దొరకవు.

వాదనల నాలుగు దారులు

మొదటి దారి డి.కె. బసు సంప్రదాయానిది. ఈ దృష్టిలో బహిరంగత అరెస్టయినవాడి రక్షణ కవచం. ఎక్కడున్నాడో పదిమందికీ తెలిస్తే కొట్టడం కష్టం, మాయం చేయడం ఇంకా కష్టం. స్టేషన్లలో సీసీటీవీలు పెట్టాలని, దృశ్యాలను పద్దెనిమిది నెలలు భద్రపరచాలని పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న ఇచ్చిన తీర్పు ఈ వరుసలోదే. ఈ వాదనకు కావలసింది తొలి గంటల్లో సమాచారం. సంవత్సరాల తర్వాత అది వెతికితే దొరకాలా అన్నది దీనికి అసలు ప్రశ్నే కాదు.

రెండో దారి ప్రజల తెలుసుకునే హక్కుది. పాత్రికేయులు, సమాచార హక్కు కార్యకర్తలు, కొంతమేరకు అద్దె ఇళ్ల యజమానులు, ఉద్యోగం ఇచ్చేవారు ఇటు నిలుస్తారు. ఎవరిని అరెస్టు చేస్తున్నారో, ఎవరిని వదిలేస్తున్నారో తెలియకపోతే పోలీసుల పక్షపాతాన్ని ఎవరూ లెక్కగట్టలేరన్నది వీరి బలమైన మాట. పదవి కోరేవారి విషయంలో ఈ వాదన గెలిచింది కూడా. 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పుల తర్వాత అభ్యర్థులు అఫిడవిట్‌లో పెండింగ్ క్రిమినల్ కేసులు చెప్పవలసి వచ్చింది. వాటిని పత్రికల్లో, టీవీల్లో ప్రకటించాలని 2018 సెప్టెంబరు 25న రాజ్యాంగ ధర్మాసనం ఆదేశించింది. ప్రజాప్రతినిధికి సరిపోయే ఈ కొలత సామాన్యుడికీ సరిపోతుందని చెప్పడానికి మాత్రం వీరి దగ్గర గట్టి ఆధారం లేదు. ఉద్యోగానికో, గల్ఫ్ ప్రయాణానికో కావలసిన పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్ ఆ మనిషే దరఖాస్తు చేసుకుని తెచ్చుకుంటాడు. యజమాని అవసరం దానితో తీరుతుంది, ఊరంతా చూడనక్కర్లేదు.

మూడో దారి నిర్దోషిత్వ భావనది, గోప్యతది. అరెస్టు నేర నిరూపణ కాదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించాక ఈ వాదన పదునెక్కింది. నిర్దోషిగా తేలినవారి పేరు తీర్పుల వెబ్‌సైట్లలో కనిపించకూడదా అన్నదానిపై హైకోర్టులు వేర్వేరు దారులు పట్టాయి. 2021లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో శోధనకు దొరకకుండా చేయమంది. అదే ఏడాది మద్రాసు హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఒప్పుకోలేదు. 2024 ఫిబ్రవరిలో డివిజన్ బెంచి పేరు తొలగించమంటే, జూలైలో సుప్రీంకోర్టు ఆ ఆదేశంపై స్టే ఇచ్చింది. రౌడీషీట్ల విషయంలో గోప్యత వైపు మొగ్గు స్పష్టంగా ఉంది. హిస్టరీ షీట్లు పోలీసుల అంతర్గత పత్రాలని, బహిరంగంగా పెట్టకూడదని 2024 మే 7న సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 3న జైలు రిజిస్టర్ల నుంచి కులం గడి తీసేయాలని ఆదేశించింది. బోర్డు మీద పేరుతో పాటు చిరునామా రాయాలన్న నిబంధనను ఈ వెలుగులో మళ్లీ చూడాలి. పల్లెలో చిరునామా అంటే తండా, గూడెం, కాలనీ పేరు. గడి తీసేసినా అక్కడ కులం కనిపిస్తూనే ఉంటుంది.

నాలుగోది పోలీసుల వైపు నుంచి వచ్చేది. సహ నిందితులు పారిపోతారు, సొత్తు మాయమవుతుంది, సాక్షులు బెదిరిపోతారు అన్న భయాలు కొన్ని కేసుల్లో నిజమైనవే. కానీ అరెస్టు వివరాలు దర్యాప్తుకు ఆటంకమని చెప్పే వ్యవస్థే ప్రెస్‌మీట్ పెట్టి, ముసుగులు వేసిన నిందితులను కెమెరాల ముందు నిలబెట్టే ఆనవాయితీని పాటిస్తోంది. మీడియాకు పోలీసులు ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో మాన్యువల్ తయారు చేయాలని 2023 సెప్టెంబరు 13న సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖను ఆదేశించింది ఈ వైరుధ్యం వల్లే.

ఈ నాలుగింటిని పక్కపక్కన పెడితే భేదం ప్రధానంగా కాలానిదని తేలుతుంది. మొదటి వాదనకు అరెస్టు తర్వాతి కొన్ని గంటలు, రోజులు ముఖ్యం. పోలీసుల అభ్యంతరమూ ఆ గడువులోదే. మూడోదానికి తీర్పు తర్వాతి సంవత్సరాలు ముఖ్యం. రెండోది మాత్రమే కాలపరిమితి లేని చిట్టాను కోరుతోంది, దానికీ పేర్ల అవసరం అన్నిచోట్లా లేదు. పక్షపాతాన్ని పట్టుకోవడానికి స్టేషను, సెక్షన్, తేదీ, అధికారి పేరు చాలావరకు సరిపోతాయి.

పిల్లల విషయంలో ఈ వాదనలకు తావు లేదు. చట్టంతో విభేదించిన బాలల గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. లైంగిక నేర బాధితుల గుర్తింపుకూ అలాంటి రక్షణే ఉంది. నిందితుడు కుటుంబ సభ్యుడైన పోక్సో కేసులో నిందితుడి పేరు, చిరునామా రాస్తే బాధితురాలెవరో ఊరికి తెలిసిపోతుంది. 37వ సెక్షన్ పాఠంలో ఈ మినహాయింపు రాసి లేదు. ఎఫ్‌ఐఆర్‌లకు 2016లో ఇచ్చిన మినహాయింపునే బోర్డుకూ వర్తింపజేయడం తప్పనిసరి.

బయటి దేశాల్లో

అమెరికాలో చాలాచోట్ల నగర పోలీసుల దినచర్య పట్టిక, కౌంటీ జైలు ఖైదీల జాబితా ఎవరైనా చూడవచ్చు. అరెస్టు వివరాలకు రాజ్యాంగపరమైన గోప్యత లేదని అక్కడి సుప్రీంకోర్టు 1976లో పాల్ వర్సెస్ డేవిస్ కేసులో చెప్పింది. 1989లో అదే కోర్టు, చెల్లాచెదురుగా ఉన్న రికార్డులన్నీ ఒకచోట చేర్చిన నేర చరిత్ర చిట్టా వేరని, దానికి గోప్యత ఉందని తేల్చింది. ఈ విభజన భారతదేశంలో డిజిటల్ ప్రదర్శనకు రూపమిచ్చేవారికి నేరుగా పనికొస్తుంది. విచ్చలవిడితనం ఫలితాలూ అక్కడే కనిపించాయి. అరెస్టు ఫొటోలు పోగుచేసి, తీసేయడానికి డబ్బు గుంజే వెబ్‌సైట్లు పుట్టాయి. వాటిని అడ్డుకోవడానికి పలు రాష్ట్రాలు చట్టాలు చేశాయి. ఆ ఫొటోల విడుదలను న్యూయార్క్ 2019లో బాగా కుదించింది. బ్రిటన్‌ది ఎదురు దారి. అభియోగం మోపేదాకా పేరు చెప్పకపోవడం అక్కడి పోలీసుల ఆనవాయితీ. ఆ దశలో గోప్యతను ఆశించవచ్చని 2022 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు బ్లూమ్‌బర్గ్ కేసులో తీర్పిచ్చింది.

తెలుగు కుటుంబాలకు ఈ చర్చ 2019 జనవరి చివర్లో నేరుగా తగిలింది. మిషిగన్‌లో వలస అధికారులు నడిపిన నకిలీ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో దాదాపు 130 మంది విద్యార్థులు అరెస్టయ్యారు. వారిలో అత్యధికులు భారతీయులు, భారతీయుల్లో తెలుగువారు చాలామంది. వేల మైళ్ల దూరంలోని తల్లిదండ్రులు పిల్లలు ఏ నిర్బంధ కేంద్రంలో ఉన్నారో తెలుసుకోగలిగే సాధనం వలస శాఖ ఆన్‌లైన్ ఆచూకీ పేజీ. పేరు, పుట్టిన దేశం, లేదా వలస శాఖ ఇచ్చిన సంఖ్యతో అందులో వెతకవచ్చు. మైనర్ల వివరాలు అందులో కనిపించవు. నిర్బంధంలో ఉన్నవారు, ఇటీవల విడుదలైనవారు మాత్రమే కనిపించేలా దాన్ని రూపొందించారు. ఆ అరెస్టులపై ఎన్ని విమర్శలున్నా, ఈ ఆచూకీ పేజీ నిర్మాణంలో ఒక ఆలోచన ఉంది. మనిషి బందీగా ఉన్నంతకాలం కనిపించాలి, ఆ తర్వాత కనిపించనక్కర్లేదు.

తేలని ప్రశ్నలు

అన్నిటికంటే పెద్దది గడువు. పేరు బోర్డెక్కాలని 37వ సెక్షన్ చెబుతోంది, ఎప్పుడు దిగాలో చెప్పదు. సుద్దముక్కతో రాసిన బోర్డయితే మర్నాడు చెరిపేస్తారు. డిజిటల్ పేజీ అలా చెరగదు. ఒకరు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే అసలు పేజీ తీసేసినా ఫలితం ఉండదు. పోల్చి చూస్తే, వేలిముద్రల వంటి కొలతలకు 2022 నేర విచారణ (గుర్తింపు) చట్టం గడువు పెట్టింది. 75 ఏళ్లు భద్రపరచాలి, కోర్టు వేరేలా చెప్పకపోతే నిర్దోషుల వివరాలు ధ్వంసం చేయాలి. పోలీసులే చూసే రికార్డుకు ఒక గడువు, ముగింపు ఉన్నాయి. అందరూ చూసే రికార్డుకు అవి లేవు. బెయిలు వచ్చినప్పుడో, కస్టడీ ముగిసినప్పుడో పేరు తీసేయాలన్న నియమం రాష్ట్ర ప్రభుత్వం తన ఉత్తర్వుతోనే పెట్టుకోవచ్చు. అరెస్టయినవాడి రక్షణ అనే ప్రయోజనం దానితో ఏమాత్రం తగ్గదు.

రెండోది సమాచార హక్కు చట్టంలో వచ్చిన మార్పు. వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన 8(1)(జె) మినహాయింపులో మునుపు ప్రజా ప్రయోజనం తూచే మాటలుండేవి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 44(3) సెక్షన్ వాటిని తీసేసింది. 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. ప్రజా ప్రయోజనం హానిని మించితే ఇవ్వవచ్చన్న 8(2) సెక్షన్ మిగిలే ఉంది. అరెస్టు వివరాలు అడిగినప్పుడు వ్యక్తిగత సమాచారమంటూ తిరస్కరిస్తే, అదే సమాచారాన్ని ప్రదర్శించమని మరో చట్టం చెబుతున్న సంగతి అప్పీలులో ఎత్తిచూపాలి. మొదటి అప్పీలుకు ముప్పై రోజులు, రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలుకు తొంభై రోజులు గడువుంది.

మూడోది నిర్దోషిగా విడుదలైన సంగతి నమోదు. అరెస్టు జరిగిన రోజు బోర్డు మీద, పోర్టల్‌లో, పత్రికలో వార్త వస్తుంది. నాలుగేళ్ల తర్వాత కేసు కొట్టేసిన సంగతి కోర్టు వెబ్‌సైటులో మాత్రమే, అదీ నంబరు తెలిసినవారికే దొరుకుతుంది. అరెస్టు నమోదును కోర్టు ఫలితంతో జతపరచమని ఏ చట్టమూ ఆదేశించడం లేదు. పోలీసుల నెట్‌వర్కును, కోర్టుల వ్యవస్థను, జైళ్ల రికార్డులను కలిపే పని కొన్నేళ్లుగా సాగుతోంది. కానీ అది అధికారుల మధ్య సమాచార మార్పిడి కోసమే.

నాలుగోది అటవీ, ఎక్సైజు, రైల్వే అరెస్టులకు, నేరం మోపని ముందస్తు అరెస్టులకు ఒకే ప్రదర్శన నియమం. అయిదోది అరెస్టు చేసిన అధికారి పేరును మళ్లీ బోర్డు మీదికి తేవడం. నాలుగోదానికి శాసనం కావాలి. అయిదోదానికి రాష్ట్ర డీజీపీ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు, ఎందుకంటే ఆ పేరు అరెస్టు మెమోలో ఇప్పటికే ఉంటుంది.